వాసన చూసే అలవాటు

మా ఆయన తాగుడు మానేసి మూడేళ్లు దాటినా నేను వాసన చూడటం మానలేదు.

సాయంత్రం బండి చప్పుడు వినబడగానే మంచినీళ్ల గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వెళ్లేదాన్ని. చూసేవాళ్లు మంచి ఇల్లాలు అనుకునేవాళ్లు. గ్లాసు అందుకునేటప్పుడు ఆయన ముఖం నా ముఖానికి దగ్గరగా వస్తుంది. నాకు కావలసింది అదే. ఆయనకూ తెలుసు. నీళ్లు తాగి గ్లాసు తిరిగిస్తూ ఒక్కోసారి కావాలనే నోరు తెరిచి గట్టిగా ఊపిరి వదిలేవాడు. "చాలా?" అనేవాడు. నేను విననట్టు లోపలికి వచ్చేసేదాన్ని.

ఆయన పర్చూరులో ఒక పురుగుమందుల కొట్లో కౌంటరు మీద పనిచేస్తాడు. నేను మా ఊరి ఎలిమెంటరీ బడిలో టీచర్ని. మాకు ఒక్కతే కూతురు, అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. మిరపకీ పత్తికీ కొట్టే మందుల వాసన ఆయన చొక్కాలకి పట్టేసి ఎంత ఉతికినా పోదు. తాగే రోజుల్లో ఆ వాసనే ఆయనకి అడ్డం. బ్రాందీ వాసన దాని కింద దాక్కునేది. ఆ కిందున్నదాన్ని పసిగట్టడం పెళ్లయిన మూడో ఏటికే నాకు వచ్చేసింది.

తాగుడు ఎలా మొదలైందో చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. సీజన్లో రోజంతా నిలబడి పని, కొట్టు కట్టేశాక కంపెనీల తరఫున వచ్చినవాళ్లతో కాసేపు కూర్చోవడం. మొదట వారానికోసారి, తర్వాత రోజూ, ఆ తర్వాత పొద్దున్నే టీకి ముందు. పదిహేనేళ్లు అలా గడిచాయి. బైబిలు మీద ఒట్టేశాడు, పిల్ల తల మీద ఒట్టేశాడు. ఒట్టేసిన రోజు ఇంకాస్త ఎక్కువ తాగేవాడు. నేను ఆయన మాట వినడం మానేసి కళ్లు చూడటం, నడక చూడటం, జేబులు చూడటం నేర్చుకున్నాను. నమ్మకం అనేది మా ఇంట్లో ఎప్పుడు పోయిందో నాకు గుర్తు లేదు.

ఒక ఏడు ఆయన కళ్లు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది, కాళ్లు వాచాయి. కామెర్లని చెప్పి మొదట ఎవరి దగ్గరో పసరు పోయించాం, తగ్గలేదు. గుంటూరు తీసుకెళ్తే అక్కడి డాక్టరు లివరు గట్టిపడిపోయిందని, పాడైన భాగం ఇక వెనక్కి రాదని, మిగిలినదాన్ని కాపాడుకోవాలంటే చుక్క కూడా ముట్టకూడదని చెప్పాడు. ఆస్పత్రిలో చేర్చిన మూడో రోజున ఆయన చేతులు వణికిపోయాయి. గోడ మీద చీమలు పాకుతున్నాయన్నాడు, మంచం కింద ఎవరో ఉన్నారని అరిచాడు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఇలా అవుతుందట, ఇంటి దగ్గర అయ్యుంటే ప్రాణం మీదికి వచ్చేదట. రెండు రోజులు చేతులు కట్టేసి మందులిచ్చారు. అది దాటాక ఆయన మళ్లీ తాగలేదు.

నెల తర్వాత మా చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. తాను ఎంత చెడ్డవాడో, ఇంట్లో ఎంత ఏడిపించాడో అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆడవాళ్ల వైపు చాలామంది కళ్లు తుడుచుకున్నారు. నేను నెత్తి మీద కొంగు సర్దుకుంటూ, ఎన్నాళ్లుంటుందో చూద్దాం అనుకున్నాను.

మొదటి ఏడాది క్రమం తప్పకుండా పరీక్షలకి వెళ్లాం. రెండో ఏట ఆయన, "తాగడం లేదుగా, ఇంకెందుకు ఆ తిరుగుడు?" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. తాగుడే రోగం, తాగుడు పోతే రోగం పోయినట్టే అని ఇద్దరం అనుకున్నాం.

కిందటేడు మిరప కోతలప్పుడు నా అనుమానం మళ్లీ లేచింది.

మొదట నిద్ర. మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి, తిని, కుర్చీలోనే వాలిపోయేవాడు. లేపితే విసుక్కునేవాడు. ఆదివారం చర్చిలో పాట మధ్యలో కునుకు తీశాడు. రాత్రుళ్లు మాత్రం నిద్ర లేకుండా మంచం మీద కూర్చుని ఉండేవాడు. తాగే రోజుల్లోనూ ఇంతే, పగలు మత్తు, రాత్రి మెలకువ. తర్వాత మాట మారింది. ఏదైనా అడిగితే జవాబు రావడానికి చాలాసేపు పట్టేది, వచ్చిన మాట కూడా నాలిక మడతపడి వచ్చేది. ఒకరోజు చొక్కా బొత్తాలు ఒకదానికి బదులు ఇంకోటి పెట్టుకుని కొట్టుకి బయల్దేరాడు. పిల్ల చూసి సరిచేసింది.

ఆ తర్వాత వాసన. నీళ్ల గ్లాసు ఇస్తుంటే తగిలింది. బ్రాందీ కాదు, సారా కాదు. మురిగిన పండులా తియ్యగా, పాడుగా ఉంది. పదిహేనేళ్ల అనుభవంలో నేనెరగని వాసన. ఏదో కొత్త సరుకు మొదలుపెట్టాడని నిర్ణయించుకున్నాను. పిల్లతో చెబితే అది ఒప్పుకోలేదు.

"అమ్మా, అది మందు వాసన కాదు. నాన్నకి ఒంట్లో ఏదో బాలేదు."

నీకు తెలీదు, నీకు ఊహ తెలిసేనాటికే ఆయన దొంగతనంగా తాగడంలో ఆరితేరాడు అన్నాను. అది పుస్తకాలు తీసుకుని పక్కగదిలోకి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం చర్చిలో వాక్యం చదవడం ఆయన వంతు. గొంతు బాగుంటుందని నెలకోసారి ఆయన చేత చదివిస్తారు. రెండు వరుసలు చదివాడు, మూడో వరుస దగ్గర ఆగిపోయాడు. మళ్లీ మొదటికి వెళ్లాడు, మళ్లీ అక్కడే ఆగాడు. పేజీ వైపు చూస్తూ నవ్వుతున్నాడు. పాస్టరు గారు లేచొచ్చి పుస్తకం అందుకుని మిగతాది తనే చదివారు. ఆరాధన అయ్యాక పాస్టరమ్మ గారు నన్ను పక్కకి పిలిచి, ఆయన బాగానే ఉంటున్నారా అని మెల్లగా అడిగారు. ఆ అడగడంలో ఏముందో నాకు అర్థమైంది. తల కొట్టేసినట్టయింది. ఇంటికి ఆయన కంటే నాలుగడుగులు ముందే నడిచాను.

రెండు రోజులకి కొట్టు ఓనరు గారు ఫోన్ చేశారు. ఒక రైతు మిరపకి తామరపురుగు మందు అడిగితే మా ఆయన కలుపుమందు డబ్బా తీసి చేతిలో పెట్టాడట. ఓనరు గారు చూసి ఆపబట్టి సరిపోయింది, లేకపోతే ఆ చేను నిలువునా మాడిపోయేది.

"టీచరు గారూ, ఏమనుకోకండి, మళ్లీ మొదలెట్టాడేమో కనుక్కోండి" అన్నారాయన.

ఆ రోజే బడి నుంచి తొందరగా వచ్చి ఇల్లంతా వెతికాను. బియ్యం డబ్బా, పరుపు కింద, దొడ్లో పేర్చిన పత్తికట్టె సందులు, బాత్రూము కిటికీ పైన. తాగే రోజుల్లో సీసాలు దొరికిన చోట్లన్నీ నాకు కంఠతా వచ్చు. ఒక్క సీసా లేదు. చివరికి ఆయన కళ్లద్దాల డబ్బాలో గుడ్డ కింద ఒక మాత్రల అట్ట కనిపించింది. సగం అయిపోయింది.

నిజం చెప్పాలంటే, అది దొరికినప్పుడు నాకు బాధ కంటే ముందు ఒక రకమైన సంతృప్తి కలిగింది. నేననుకున్నదే అయింది కదా అని.

సాయంత్రం ఆయన రాగానే అట్ట ముందు పెట్టాను. నిద్ర పట్టడం లేదని, మెడికల్ షాపులో అడిగితే ఇచ్చారని, చెబితే నేను తిడతానని దాచానని ఒక్కొక్క ముక్కే చెప్పాడు. మర్నాడు నేను ఆ షాపుకి వెళ్లి అడిగాను. నిజమే, నెల రోజులుగా కొంటున్నాడు. డాక్టరు చీటీ లేకుండా ఎలా ఇచ్చారంటే, నిద్రమాత్రలు అందరూ తీసుకునేవేనండీ అన్నాడతను.

నేను నమ్మలేదు. షాపువాణ్ణీ నమ్మలేదు, ఆయన్నీ నమ్మలేదు. అంతకు కొద్దిరోజుల ముందే మా బడిలో మత్తుపదార్థాల మీద అవగాహన అని ఒక కార్యక్రమం పెట్టారు. పిల్లల చేత నేనే ప్రతిజ్ఞ చేయించాను. మత్తు అంటే సారా, గంజాయి మాత్రమే కాదనీ, దగ్గుమందు, నొప్పిమాత్ర, నిద్రమాత్ర కూడా అలవాటైతే మత్తే అనీ కాగితం చూసి చదివి వినిపించాను. తాగితే లివరు పాడవుతుందని కూడా అదే కాగితంలో ఉంది. పాడైన లివరు మనిషిని ఏం చేస్తుందో అందులో లేదు. చర్చిలో సాక్ష్యం చెప్పాక తాగితే వాసనకి దొరికిపోతానని మాత్రలకి మళ్లాడు, ఇదీ నా లెక్క. ఉన్న మాత్రలన్నీ దొడ్లో పారేశాను.

అది జరిగిన రెండో రోజు బడిలో ఉండగా ఫోనొచ్చింది. పర్చూరు సెంటర్లో పోలీసులు మా ఆయన్ని ఆపారు, వెంటనే రమ్మన్నారు. హెడ్మాస్టరు గారికి చెప్పి ఆటో ఎక్కాను. వెళ్లేసరికి ఆయన రోడ్డు పక్కన సోడాబండి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పట్టపగలు. చుట్టూ నలుగురైదుగురు తెలిసినవాళ్లు. బండి అడ్డదిడ్డంగా నడుపుతుంటే ఆపారట. నేను కానిస్టేబుల్ దగ్గరికి వెళ్లి, తప్పయిపోయిందండీ, ఈసారికి వదిలేయండి అన్నాను. ఏం జరిగిందని కూడా అడగలేదు.

ఆ కానిస్టేబుల్ వయసులో పెద్దవాడు. నన్ను కొంచెం పక్కకి తీసుకెళ్లాడు.

"తప్పేం లేదమ్మా. రెండుసార్లు ఊదించాం, మిషన్లో సున్నా వచ్చింది. ఆయన తాగలేదు."

"సరిగ్గా ఊదాడాండీ?"

"ఊదాడమ్మా. నేను రోజూ చూసే పనే ఇది. మనిషికి ఏదో తేడాగా ఉంది. ఇంటికి కాదు, ఆస్పత్రికి తీసుకెళ్లండి."

సున్నా అన్న మాట విని ఎవరైనా ఊపిరి పీల్చుకుంటారు. నేను మాత్రం, మందు కాకపోతే మాత్రలు, మాత్రలు కాకపోతే గంజాయి అనుకున్నాను. మిషనుకి దొరకనిదేదో పట్టుకొచ్చాడనుకున్నాను. ఆస్పత్రికి వెళ్తే అక్కడ అందరి ముందూ ఇది బయటపడుతుంది. ముందు ఇంటికి చేర్చి, తలుపు వేసి, ఆ తర్వాత చూద్దాం అనుకున్నాను.

ఆటోలో ఆయన నన్ను "అక్కా" అని పిలిచాడు. మనం ఎక్కడికి వెళ్తున్నాం అని అడిగాడు. చెయ్యి ముందుకు చాపి ఆటో కమ్మీ పట్టుకోబోతే మణికట్టు దగ్గర ఆ చెయ్యి కోడి రెక్కలా టపటపా కొట్టుకుంది. ఆయన దాన్ని వింతగా చూశాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

ఇంటికొచ్చాక పిల్ల ముందే నోరు పారేసుకున్నాను. పెళ్లయిన ఇరవయ్యేళ్లలో, ఎంత తాగి వచ్చినా, ఆయన్ని 'మీరు' అనే అన్నాను. ఆ రోజు మొదటిసారి 'నువ్వు' అన్నాను.

"నువ్వు మారవు. నువ్వు పోతే నా బిడ్డా నేనూ ప్రశాంతంగా బతుకుతాం."

ఆయన నవ్వాడు. చర్చిలో పేజీ వైపు చూసి నవ్విన నవ్వే. నాకు ఒళ్లు మండిపోయింది. ముందుగదిలోకి నెట్టి, బయటికెళ్లి ఇంకేదీ తెచ్చుకోకుండా బయట నుంచి తాళం వేశాను. అమ్మా, కానిస్టేబుల్ గారు ఆస్పత్రికి వెళ్లమన్నారన్నావుగా అని పిల్ల రెండుసార్లు అంది. రేపు చూద్దాం అన్నాను. తర్వాత కిటికీలోంచి అన్నం పళ్లెం ఇచ్చాను. అది అక్కడే ఉండిపోయింది.

పొద్దున తాళం తీసేసరికి ఆయన నేల మీద పడి ఉన్నాడు. లుంగీ తడిసిపోయి ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి గానీ చూపు లేదు. పిలిస్తే పలకలేదు, గిల్లితే మూలిగాడు. పిల్ల ఓనరు గారికి ఫోన్ చేసింది, బీరువా తెరిచి పాత ఆస్పత్రి ఫైలు తీసుకుంది. ఓనరు గారు తన కారు తెచ్చారు. ముగ్గురం కలిసి ఎక్కించాం.

చిలకలూరిపేట మీదుగా గుంటూరు వెళ్తుంటే, ఆయన తల నా ఒళ్లో ఉన్నా నా మనసు ఇంకా విచారణే చేస్తోంది. ఇంకో అట్ట ఎక్కడ దాచి ఉంటాడు? రాత్రి ఎన్ని మింగి ఉంటాడు? ఓనరు గారు ఏమైందని అడిగితే, మాత్రలు మింగాడండీ అని చెప్పాను. ముందు సీట్లోంచి పిల్ల వెనక్కి తిరిగి, "నీకు తెలీదు కదమ్మా, తెలిసినట్టు చెప్పకు" అంది.

ఎమర్జెన్సీలో ఒక లేడీ డాక్టరు చూశారు. ఆవిడతోనూ అదే చెప్పాను, తాగుంటాడు లేకపోతే మాత్రలు అని. ఆవిడ నా మాట విని ఊరుకోకుండా వరసగా ప్రశ్నలడిగారు. ఇంతకుముందు లివరు జబ్బు ఉందా? నిద్ర ఎలా ఉంది? విరోచనం ఎన్ని రోజులకోసారి అవుతోంది? నల్లగా వచ్చిందా? ఫైలు పిల్ల అందించింది. విరోచనం సంగతి నాకు తెలియదన్నాను. బాత్రూము కిటికీ పైన సీసా ఉందేమోనని రోజూ చూసిన నాకు, ఆ మనిషి వారం రోజులుగా మలబద్ధకంతో బాధపడుతున్నాడని తెలియదు. పిల్లకి తెలుసు, అది చెప్పింది.

మధ్యాహ్నానికి ఆవిడ నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"ఆయన తాగలేదమ్మా. రక్తంలో చుక్క కూడా లేదు."

"గంజాయి గానీ..."

"అదీ చూశాం. లేదు."

ఆవిడ మెల్లగా, బడిపిల్లకి చెప్పినట్టు చెప్పారు. మనం తిన్నది పేగుల్లో అరిగేటప్పుడు కొంత విషపదార్థం తయారవుతుందట. మామూలుగా అయితే లివరు దాన్ని శుభ్రం చేసి పంపుతుంది. తాగి తాగి గట్టిపడిన లివరు ఆ పని చెయ్యలేదు. అప్పుడు ఆ విషం రక్తంలో కలిసి మెదడుకి చేరుతుంది. మాట తడబడటం, మతిమరుపు, పగలు నిద్ర, రాత్రి మెలకువ, చేతులు రెక్కల్లా కొట్టుకోవడం, నోట్లోంచి ఆ తియ్యటి పాడువాసన, అన్నీ దాని లక్షణాలే. చూసేవాళ్లకి అచ్చం తాగినట్టే ఉంటుంది. తాగుడు మానేసి ఏళ్లయినా రావచ్చు, ఎందుకంటే మానేసింది మనిషి, లివరు మీద పడ్డ మచ్చలు అలాగే ఉంటాయి. మలబద్ధకం ఉంటే విషం పేగుల్లోనే నిలిచిపోయి ఇంకా పెరుగుతుంది.

"నిద్రమాత్రలు ఎన్నాళ్లు వాడారు?" అని అడిగారు. నెల రోజులని, మిగిలినవి నేనే పారేశానని చెప్పాను.

"మనకైతే అది నిద్ర తెప్పిస్తుంది. ఇలాంటి లివరున్న మనిషిని కోమాలోకి తోస్తుంది. మిగిలినవి పారేసి మంచి పని చేశారు. ఆ రోజే ఇక్కడికి తీసుకొచ్చుంటే ఇంకా మంచి పని అయ్యేది."

నేను లేచి వరండాలోకి వచ్చాను. ఏడుపు రాలేదు. కానిస్టేబుల్ మాట ఒక్కటే చెవిలో ఉంది. రోడ్డు మీద ఎండలో నిలబడే మనిషి ఒక్కసారి చూసి చెప్పింది, ఇరవయ్యేళ్లు కాపురం చేసిన నాకు కనబడలేదు. చూడకపోవడం వల్ల కాదు. ఆయన్ని చూసినంత జాగ్రత్తగా నేను దేన్నీ చూడలేదు. ఒక్కదాని కోసమే చూశాను, అంతే.

ఎనీమా ఇచ్చారు, ముక్కులోంచి గొట్టం వేసి విరోచనమయ్యే సిరప్ పోశారు. మూడో రోజు ఆయన కళ్లు తెరిచి కాఫీ అడిగాడు. పిల్లకి ప్రాక్టికల్స్ అయిపోయాయా అన్నాడు. డాక్టరు గారు వచ్చి, బస్సుని ఆపేటప్పుడు పెట్టినట్టు రెండు చేతులూ చాపి పెట్టమన్నారు. చేతులు కొట్టుకోలేదు. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే పెట్టాడు.

చర్చిలో వాక్యం చదవడానికి లేవడం వరకే ఆయనకి గుర్తుంది. ఆ తర్వాతి రోజులన్నీ చెరిపేసినట్టు పోయాయి. కలుపుమందు డబ్బా గుర్తు లేదు, కానిస్టేబుల్ గుర్తు లేడు, తాళం గుర్తు లేదు. నేనన్న మాట కూడా గుర్తు లేదు. ఏం జరిగిందని ఆయన అడుగుతుంటే మంచానికి అటు వైపున్న పిల్ల నా ముఖంలోకి చూసింది. కళ్లు తిరిగి పడిపోయారని చెప్పాను.

ఇంటికి పంపేటప్పుడు బోలెడు జాగ్రత్తలు చెప్పారు. రోజుకి రెండు మూడుసార్లు విరోచనం అయ్యేలా సిరప్ తాగాలి, మూడు నెలలకోసారి పరీక్షలు, డాక్టరుని అడగకుండా నిద్రమాత్రా నొప్పిమాత్రా వేసుకోకూడదు. ముందు ముందు లివరు మార్చాల్సి రావచ్చు, దాని గురించి ఆలోచించుకుని ఉండమన్నారు. రోజూ పొద్దున్నే ఆయన చేత ఒక నోటుపుస్తకంలో ఒక వాక్యం రాయించమని నాకు విడిగా చెప్పారు. మెదడు మందగిస్తుంటే ముందు చేతిరాత మారుతుందట.

వారం రోజులు బుద్ధిగా రాశాడు. ఎనిమిదో రోజు పెన్ను విసిరేశాడు. "ఇదివరకు వాసన చూసేదానివి, ఇప్పుడు రాత చూస్తున్నావు. నేను దొంగనా?" అన్నాడు. ఆ పుస్తకం పిల్ల చేతికిచ్చాను. దానికైతే రాసిస్తాడు.

కళ్లు తిరిగి పడిపోయారన్న నా అబద్ధం అలాగే ఉండిపోయింది. నెల తర్వాత ఒక శనివారం, ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి ఇద్దరం వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. అప్పుడు చెప్పేశాను. సెంటర్లో జరిగింది, ఆస్పత్రికి తీసుకెళ్లమంటే ఇంటికి తీసుకురావడం, గదిలో పెట్టడం. ఆయన తొడిమలు తీస్తూనే విన్నాడు.

"తాళం బయట నుంచా?"

"బయట నుంచే."

ఇంకో గుప్పెడు కాయలు ముందుకి లాక్కున్నాడు. "పదిహేనేళ్లు అబద్ధాలు చెప్పింది నేనేగా. నీ చోట నేనున్నా నమ్మను" అన్నాడు.

అక్కడితో ఆపి ఉండొచ్చు. కానీ మిగిలింది కూడా చెప్పాను, 'నువ్వు' అన్నది, పోతే బాగుండునన్నది. ఆయన చేతులు ఆగిపోయాయి. ఆ మాట కూడా అన్నావా అని అడిగి, లేచి కాళ్లు కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వంటింటి గుమ్మంలోకి వచ్చి సిరప్ సీసా ఎక్కడ పెట్టావని అడిగాడు. ఆ విషయం మళ్లీ మా మధ్య రాలేదు. పోయిందని మాత్రం నేననుకోను.

పోలీసులు పట్టుకున్నారన్న కబురు ఊరంతా తిరిగింది కాబట్టి, ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో నేనే లేచాను. ఆ రోజు మిషన్లో సున్నా వచ్చిందని, ఆయన మూడేళ్లుగా చుక్క ముట్టలేదని, ఆయన్ని అనుమానించి ఆస్పత్రికి ఆలస్యం చేసింది నేనని చెప్పాను. మగవాళ్ల వైపు ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. తాళం సంగతి అక్కడ చెప్పలేదు.

ఇప్పుడాయన పొద్దుటిపూట మాత్రమే కొట్టుకి వెళ్తున్నాడు. రైతులు తెచ్చిన ఆకు చూసి తెగులేమిటో చెబుతాడు, డబ్బాలు మాత్రం వేరేవాళ్లు అందిస్తారు. ఆ ఏర్పాటు ఓనరు గారు చేసింది. మొదట్లో ఆయనకి చిన్నతనంగా అనిపించింది, ఇప్పుడు అలవాటు పడ్డాడు. ఈ ఏడాదిలో ఒకసారి మళ్లీ మాట తడబడింది. మూడు రోజులుగా సిరప్ మానేశాడని పిల్ల కనిపెట్టింది. అదే రోజు బయల్దేరి వెళ్లాం, రెండు రోజుల్లో తిరిగొచ్చాం.

మొన్నామధ్య మా బడిలో చదివే ఒక పాప వాళ్లమ్మ ఇంటికొచ్చింది. కోతలకెళ్లే మనిషి. తన భర్త ఆరునెలల కిందట తాగుడు మానేశానని చెప్పాడట, కానీ పగలంతా పడుకుంటున్నాడు, మాట ముద్దగా వస్తోంది.

"మళ్లీ తాగుతున్నాడనే నా అనుమానం, టీచరు గారూ" అంది.

అలా తొందరపడకమ్మా, అది వేరే జబ్బు కావచ్చని చెప్పి అప్పటికప్పుడు ఆమెతో వాళ్లింటికి వెళ్లాను. అతను మంచం మీద ఉన్నాడు. చేతులు చాపమన్నాను, చాపాడు. రెక్కల్లా కొట్టుకోలేదు. రోజు ఏమిటో, పిల్ల ఏ తరగతో అడిగితే సరిగ్గానే చెప్పాడు. వంగి దగ్గరగా వాసన చూశాను. అతను నిజంగానే తాగి ఉన్నాడు.

ఆమె నా వైపు చూసింది. అయినా సరే, ఒకసారి లివరు పరీక్ష చేయించమన్నాను. మాన్పించాలనుకుంటే ఇంటి దగ్గర ఒక్కసారిగా మాన్పించకు, ఆస్పత్రిలో పెట్టి మాన్పించు అని కూడా చెప్పాను. ఆమె సరేనంది గానీ, ఆ చూపులో నా మీద నమ్మకం ఉందని చెప్పలేను. సోమవారం పాప బడికి రాలేదు. అమ్మా నాన్నా గుంటూరు వెళ్లారని, తనని మేనత్త ఇంట్లో ఉంచారని పక్క పిల్ల చెప్పింది.